రేపు చెప్పే రుక్కమ్మ

రుక్కమ్మ ఎవరేమడిగినా అదే రోజు ఔననేది కాదు. కూకట్‌పల్లిలో ఆమె మేడమీది గది అద్దెకు అడగడానికి నేను తణుకు నుంచి పెట్టె, పరుపుతో సహా వచ్చి దిగితే, గది చూపించి, మంచినీళ్లిచ్చి, "రేపు చెప్త" అంది.

"సామాను తెచ్చేసుకున్నానండీ."

"సామాను ఈడ వెట్టు. నువ్వు రేపు రా."

ఆ ఇంట్లో నాకంటే ఒక రాత్రి ముందు నా పరుపు పడుకుంది.

ఒకసారి పన్ను సలుపుతోందంటే ఆమెను నేనే దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు నోరు తెరవమంటే "రేపు తెరుస్త" అని కుర్చీ దిగేసింది. భోజనానికి పిలిస్తే మర్నాడు వచ్చి కూర్చుని, నిన్నటి పప్పేదని అడిగేది. ఆమె భర్త బాలానగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, చనిపోయాడు. పిల్లలు లేరు. బాచుపల్లి బడిలో పాఠాలు చెప్పి వచ్చే నాకూ ఆ ఊళ్లో ఎవరూ లేరు.

"ఎందుకండీ ఈ రేపు?" అని ఒకసారి అడిగాను.

"మాదాపూర్ దిక్కు మాకు చెలక భూమి ఉండె టీచరమ్మా. ఒకడొచ్చి, పొద్దుగూకితే ఈ ధర రాదన్నడు. మా ఆయన పొద్దుగూకకముందే ఏలుముద్ర ఏసిండు. పొద్దుగూకింది, మళ్ల తెల్లారింది. ధర గట్లనే ఉండె. తొందరంత వానికుండె. మాకేముండె?"

హైటెక్ సిటీ కొత్తగా తెరిచిన రోజులవి. ఎంత దూరాన ఉన్న పొలాన్నైనా ప్లాట్లు చేసి, "హైటెక్ సిటీ పక్కనే" అని అమ్మేవారు. ఆదివారం వస్తే మెటడోర్ వ్యానులో ఉచితంగా తీసుకెళ్లి చూపించి, పులిహోర పొట్లం చేతిలో పెట్టేవారు. రుక్కమ్మ ప్రతి ఆదివారం వ్యానెక్కేది. ఏ ఆదివారమూ కొనలేదు. ఏజెంట్లు కూడా ఆమెను దింపలేదు. ఖాళీ వ్యాను కంటే నిండిన వ్యానును చూస్తే జనానికి నమ్మకం ఎక్కువట.

"పులిహోర కోసమేనా?" అన్నాను.

"దాంట్ల ఉప్పే ఉండది. పక్కన ఎవరో ఒకరు కూసుంటరు. అమ్మా, మీదే ఊరని అడుగుతరు."

ఒక ఆదివారం నేనూ వెళ్లాను. మా ముందు సీట్లో చైతన్య, ఆమని అని కొత్త జంట. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వ్యాను మియాపూర్ దాటేలోపు రుక్కమ్మ ఆమని పుట్టిల్లు, అత్తిల్లు, మామిడికాయ పప్పులో ఏం వేస్తుందో అన్నీ రాబట్టింది.

దిగి చూస్తే బండరాళ్లు, తుమ్మ చెట్లు, నడుమ సున్నపు గీతలు. ఏజెంటు ఓంకార్ చైతన్య చేతిలో కూల్‌డ్రింక్ పెట్టి, భుజం మీద చెయ్యేసి ఒక మూలకు నడిపించాడు.

"కార్నర్ ప్లాట్ సార్. ఒక్కటే మిగిలింది. మీ కంపెనీ వాళ్లంత ఈడనే తీసుకున్నరు."

"రెండ్రోజులు ఆలోచించుకుందామండీ," అంది ఆమని.

ఓంకార్ నవ్వాడు. "ఇంట్ల నిర్ణయాలన్నీ మేడమ్ గారివేనా సార్?"

చైతన్య చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో ఓంకార్, మోగని సెల్‌ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. "ఆఁ, దిల్‌సుఖ్‌నగర్ సారా? బయల్దేరిన్రా? కార్నర్‌దేనా?" అంటూ చైతన్య వైపు జాలిగా చూశాడు. చైతన్య చెక్కుబుక్కు తీశాడు. ఆమని తల తిప్పుకుని రాళ్లవైపు చూస్తూ నిలబడింది.

"గా మూల జాగ నాకు గావాలె," అన్న మాట వినబడింది. రుక్కమ్మ. "ఇయ్యాలనే తీస్కుంటున్న. రాస్కో."

నా చేతిలోని పులిహోర పొట్లం కింద పడింది.

"నువ్వు రేపు గద చెప్తవ్?" అన్నాడు ఓంకార్.

"ఇగ ఇయ్యాల చెప్పిన."

"పైసలున్నయా?"

"ముందు మాటిచ్చినోళ్లదే జాగ, పైసలు మెల్లగియ్యుండ్రి అని వ్యానుల నువ్వే అంటివి. అందరు విన్నరు."

వ్యానులో వచ్చిన వాళ్లంతా విన్నామని తలలూపారు.

"మరి ఈ సారుకు?"

"సారుకు యాడిది? ఒక్కటే మిగిలిందంటివి గద."

ఇంకో ప్లాటు ఉందంటే చెప్పింది అబద్ధమౌతుంది. లేదంటే బేరం పోతుంది. ఓంకార్ ఫోను జేబులో వేసుకుని, చైతన్య చేతిలోని కూల్‌డ్రింక్ తీసుకుని తనే తాగేశాడు.

తిరుగు ప్రయాణంలో చైతన్య మొహం మాడ్చుకుని, "మా ప్లాటు పోగొట్టారండీ," అన్నాడు.

"తిట్టాలనుంటే రేపు తిట్టు బిడ్డా."

అతను అటు తిరిగాక నేను గొంతు తగ్గించి, "ఆ భూమి మంచిది కాదా?" అని అడిగాను.

"నాకేం ఎర్క? మంచిదే గావొచ్చు. నేను ఆ పిల్ల మొకం సూసిన. మొగడు పెన్ను తీస్తుంటే, ఆ రాళ్లల్ల తనకెవ్వలు లేనట్టు నిలవడ్డది. ఆ దినం మా చెలకల నేను గట్లనే నిలవడ్డ."

తర్వాతి ఆదివారం రుక్కమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని రోడ్డు మీద నిలబడింది. మెటడోర్ ఆమెను చూసి వేగం పెంచింది. వెనక వచ్చినవీ ఆగలేదు. కబురు అన్ని వ్యానులకూ చేరినట్టుంది. ఆ పై ఆదివారమూ అంతే. తిరిగొచ్చి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

"పైకి రండి, కాఫీ తాగుదాం," అన్నాను.

"రేపొస్త."

రేపు సోమవారం, నేను బడిలో ఉంటానని ఇద్దరికీ తెలుసు.

అలా కొన్ని ఆదివారాలు గడిచాక, చైతన్య, ఆమని ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

"ఆ రోజు ఇంటికెళ్లి పడుకుని లేచాక, ఇద్దరం ఒకేసారి వద్దనుకున్నామండీ," అంది ఆమని.

"ఇంతకీ ఆ ప్లాటు మీరే తీసుకున్నారా?" అన్నాడు చైతన్య.

"నాకెందుకయ్యా? తెల్లారే వానికి వద్దని చెప్పిన."

ఆమని నవ్వు ఆపుకుంది. "కేపీహెచ్‌బీలో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తున్నామండీ. మీరు పక్కనుంటే జాగ్రత్తగా ఉంటారు."

"ఎవలు, బ్రోకరా?"

"ఈయన."

రుక్కమ్మ చైతన్యను స్కూటరు మీద ముందు పొమ్మని, ఆమనితో ఆటో ఎక్కింది. సందు మలుపు తిరిగేదాకా ఆమె మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నేను పైకి వచ్చి పిల్లల పరీక్ష కాగితాలు ముందేసుకున్నాను. కింద మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఆదివారం ఇంత పొడుగ్గా ఉంటుందని నేనప్పుడే గమనించాను.

మరుసటి ఆదివారం కింద ఆటో ఆగిన చప్పుడైంది.

"టీచరమ్మా, జర దిగి రా. పిల్లలు బీరువా కొంటరట. నలుగురం పోదం."

సగం అల్లిన జడతోనే దిగి వెళ్లాను. ఆటోలో ఆమని జరిగి నాకు చోటిచ్చి, "మీదే ఊరండీ?" అని అడిగింది.