బజ్జీల సంచి కదలని రోజు

2023 మే నెల. అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీకి షట్‌డౌన్. షట్‌డౌన్ అంటే మిషన్లకు సెలవు, మనుషులకు పన్నెండు గంటల డ్యూటీ. నేను అక్కడ సిగ్నల్‌మ్యాన్‌ని. పైనున్న క్రేన్ ఆపరేటర్‌కి చేతులూపి, రేడియోలో చెప్పి, బరువులు ఎత్తించి దింపించే పని. ఏడో తరగతిలో బడి మానేస్తే మా మాస్టారు "చేతులూపుకుంటూ బతుకుతావురా" అన్నారు. ఆయన మాట పోనివ్వలేదు.

ఆపరేటర్ సన్యాసిది పద్మనాభం ఊరు. రేకుల కప్పు కింద, నలభై అడుగుల ఎత్తున, అద్దాల క్యాబిన్‌లో ఒక్కడే. ఏసీ చెడి నాలుగు రోజులైంది. రోజూ నాలుగింటికి తాడుకు సంచి కట్టి దించేవాడు. నేను టీ సీసా, నాలుగు మిరపకాయ బజ్జీలు పెట్టి రెండుసార్లు గుంజితే సంచి ఎగిరిపోయేది. సేఫ్టీ ఆఫీసరు రెండుసార్లు తిట్టాడు. రెండుసార్లూ బుద్ధిగా తలలూపాం. ఆ నెలను మా చేత ఈడ్పించింది ఆ సంచే.

ఆ రోజు పెద్ద మోటారొకటి క్రేన్ కొక్కేనికి, దిమ్మకు జానెడు ఎత్తున వేలాడుతోంది. ఇద్దరు ఫిట్టర్లు ఆ సందులో చేతులు పెట్టి షిమ్‌లు, అంటే పలుచని ఇనుప రేకులు, సర్దుతున్నారు. సన్యాసి సంచి దించాడు. క్యాంటీన్ బండి పావుగంట ఆలస్యంగా వచ్చింది. ఈలోగా "అలాగే పట్టుకో బావా" అంటే రేడియోలో "ఓకే" అన్నాడు. బజ్జీలు పెట్టి గుంజాను. సంచి కదల్లేదు. మళ్లీ గుంజాను. ఆలస్యమైందని అలిగాడనుకున్నాను.

"నీ వాటా నాను తినేత్తన్నాను బావా."

"ఓకే."

సన్యాసి బజ్జీ ముక్క కూడా ఎవరికీ వదిలే మనిషి కాడు.

"సేతులు తీసీండ్రా" అంటూ ఫిట్టర్లను రెక్కలు పట్టి లాగేశాను. పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేశాను. కరెంటు పోతే క్రేన్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, బరువు ఉన్నచోటే ఆగుతుంది. నిచ్చెనెక్కాను. సన్యాసి కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. చెమట చుక్క లేదు. చెయ్యి వేస్తే పెనంలా కాలింది. మోటారును దించే లివర్‌కి బెత్తెడు దూరంలో అతని మోచేయి జారుతోంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి నాకు జోకు తట్టలేదు.

వడదెబ్బ. నీళ్లు పోసి, దించి, ఆస్పత్రికి పంపారు. నాలుగు రోజులుగా దొరకని ఏసీ మెకానిక్ ఆ సాయంత్రమే దొరికాడు.

రెండ్రోజుల తర్వాత చూడబోతే సన్యాసి మొదట అడిగింది ఇదే: "ఆ బజ్జీలు ఎవుడు తినీసినాడు?"

సేఫ్టీ ఆఫీసరే. సన్యాసిని పంపించాక అక్కడే కూలబడి, సంచి ఒళ్లో పెట్టుకుని, ఏం తింటున్నాడో తెలియకుండానే రెండు తినేశాడు. అది విని సన్యాసి నవ్వాడు. రేడియోలో ఓకే అన్నావని చెబితే నవ్వాగిపోయింది.

"నానా? నాకేటీ గుర్తు లేదు బావా."

అలవాటైన మాటను నోరు మనిషి లేకుండానే పలికేస్తుంది. అందుకే ఇప్పుడు లోడ్ ఎత్తే ముందు ఏ ఆపరేటర్‌నీ "రెడీయా" అని అడగను. "బజ్జీలో వాము ఎక్కువేయించీనా?" అంటాను. తిట్టో బేరమో వినబడితేనే చెయ్యి పైకెత్తుతాను. "ఓకే" అని వస్తే నిచ్చెన ఎక్కుతాను.