గట్టి జిగురుతో అతికించిన హోటలు

పెట్టుబడుల కార్యాలయం కింది అంతస్తులో, పెద్ద హాలు నిండా ఒక నగరం ఉంది. చెక్కతో, అట్టలతో, ప్లాస్టిక్ రేకులతో చేసిన బొమ్మ నగరం. బయట అసలు నగరం ఎంత పెరిగితే లోపల ఇదీ అంత పెరుగుతుంది. బయట రేవులో కొత్త క్రేను లేచిందంటే, కొద్ది రోజుల్లో ఇక్కడా వేలెడంత క్రేను లేవాల్సిందే. దీన్ని చేసింది, చూసుకుంటున్నది, తుమ్ము వస్తే దీనికి దూరంగా పరుగెత్తి మరీ తుమ్మేది అట్టల మాస్టారు. ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతాలు రాసే గుమాస్తాకు తప్ప అది ఎవరికీ గుర్తులేదు.

బయటినుంచి పెట్టుబడిదారులు ఎవరు వచ్చినా ముందు ఈ హాలుకే తీసుకొస్తారు. డైరెక్టరు గారు చేతిలో సన్నటి కర్ర పట్టుకుని, లోతైన రేవు ఇదిగో, విమానాశ్రయం అదిగో, ఊరి చుట్టూ తిరిగే కొత్త రోడ్డు ఇలా వెళ్తుంది, పని తెలిసిన మనుషులు ఈ పేటల్లో ఉన్నారు అని చుట్టూ తిప్పి చూపిస్తారు. ఎంత పెద్ద కంపెనీ యజమాని అయినా ఆ బొమ్మ ముందు చిన్నపిల్లాడైపోయి బుల్లి ఓడల మీదికి వేలు చాస్తాడు. గోడ పక్కన నిలబడ్డ మాస్టారు అప్పుడు గొంతు సవరించుకుంటారు. అంతే, చాచిన వేలు బుద్ధిగా జేబులోకి వెళ్ళిపోతుంది.

మాస్టారి బల్లమీద రెండు డబ్బాలుంటాయి. ఒకదానిలో పిండి ఉడికించి చేసిన మెత్త జిగురు, రెండోదానిలో కొట్లో కొన్న గట్టి జిగురు. ఇంకా ఖాయం కానివి, రేపోమాపో మారేవి మెత్త జిగురుతో అతికిస్తారు. తడిగుడ్డ కాసేపు వేసి ఉంచితే అవి నొప్పి లేకుండా లేచి వస్తాయి. కొండ, దీపస్తంభం, రేవు గోడ లాంటి కదలనివాటికి గట్టి జిగురు. ఏ ఫ్యాక్టరీ వస్తుందో, ఏది మాటలతోనే ఆగిపోతుందో తెలియాలంటే ఫైళ్ళు తిరగెయ్యక్కర్లేదు, మాస్టారు ఏ డబ్బా మూత తీశారో చూస్తే చాలని ఆఫీసులో వేళాకోళం.

ఇంత నియమం గల మనిషి ఒక్క చోట పప్పులో కాలేశారు. అదీ మొదటిరోజే.

పాత జెట్టీ పక్కన పసుపు రేకుల హోటలు ఒకటుంది. ఓడలు బాగుచేసేవాళ్ళూ, లారీ డ్రైవర్లూ తినే చోటు. అది మాస్టారి అక్కది. తల్లి పోయేనాటికి ఆయనకు ఇంకా నిక్కరు గుండీ పెట్టుకోవడం కూడా రాదు. అక్క పొయ్యి దగ్గర నిలబడి, తమ్ముణ్ణి బల్ల కింద కూర్చోబెట్టి, ఖాళీ అయిన టీ అట్టపెట్టెలు ముందు పడేసేది. ఆ పెట్టెలతోనే ఆయన ఇళ్ళు కట్టడం మొదలుపెట్టారు. ఆయన కట్టిన మొదటి ఇల్లు కూడా ఆ హోటలే. పెద్దయ్యాక ఈ ఉద్యోగం వచ్చి, ఖాళీ బల్లమీద నగరం మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు, కొండకన్నా ముందు, రేవుకన్నా ముందు అక్క హోటలు చేసి అతికించారు. గట్టి జిగురుతో! రేవు వాళ్ళ స్థలంలో వేసుకున్న రేకుల షెడ్డుకు మెత్త జిగురే ఎక్కువని ఆయనకు తెలియక కాదు. ప్రేమ ఉన్నచోట నియమం కాస్త పక్కకు జరిగి నిలబడుతుంది, ఏం చేస్తాం.

సముద్రం అడుగున వేసే కేబుళ్ళు తయారుచేసే కంపెనీ ఒకటి ఈ నగరం మీద మనసు పడింది. కేబులు చుట్టలు సరాసరి ఓడలోకి ఎక్కించాలి కాబట్టి వాళ్ళకు నీటి ఒడ్డునే స్థలం కావాలి. డైరెక్టరు గారు మాస్టారిని పిలిచారు.

"మాస్టారూ, పాత జెట్టీ దగ్గర ఆ షెడ్లన్నీ తీసేసి చదునుగా, పచ్చగా చేసెయ్యండి. వచ్చేవారం కంపెనీ పెద్దావిడ వస్తున్నారు."

"అన్నీనా సార్?"

"అన్నీ. అక్కడున్నవాళ్ళకు వేరే చోటు చూపిస్తాం లెండి. ఎక్కడన్నది ఇంకా తేలలేదు."

డైరెక్టరు గారు చెడ్డమనిషి కారు. ఈ కంపెనీ వస్తే ఊళ్ళో ఎంతమంది పిల్లలకు పని దొరుకుతుందో తలుచుకుని రాత్రిళ్ళు నిద్ర పట్టని మనిషి. మాస్టారికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఎవరిమీదా కోపం తెచ్చుకునే సుఖం కూడా లేకపోయింది.

మాస్టారు రోజూ మధ్యాహ్నం భోజనం చేసేది అక్క దగ్గరే. ఆ వారమంతా చెప్పాలని వెళ్ళడం, తిని రావడం. ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని "అక్కా, ఒక మాట" అన్నారు. అక్క గరిటె పట్టుకుని తిరిగి చూసింది. ఆ ముఖం చూడగానే, "కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది" అనేశారు.

అక్క గరిటె గిన్నెలో పెట్టింది. తర్వాత, "నా చేతి వంట తిని ఇంత అయ్యావు. ఇప్పుడా నీకు ఉప్పు తెలిసింది?" అని, ఆ పూట అడిగినా రెండోసారి వడ్డించలేదు.

ఇంటికి వచ్చి భార్యతో చెప్పుకున్నారు. "మీరు నీళ్ళు నమలడం ఎన్నాళ్ళు? ఇంకెవరి నోటో వింటే వదినకు ఇంకా కష్టంగా ఉంటుంది. నన్ను చెప్పమంటారా?" అంది ఆవిడ. వద్దన్నారు. చెప్పాల్సింది తనే. కాని కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి దగ్గరికెళ్ళి, నీ హోటలు తీసే చెయ్యి నాదే అని ఎలా చెప్తారు?

పెద్దావిడ రావడానికి ముందురోజు తడిగుడ్డ తీసుకుని బొమ్మ నగరంలో జెట్టీ దగ్గర కూర్చున్నారు. పడవల షెడ్డు లేచింది. వలల గోదాము లేచింది. అక్క హోటలు మాత్రం ససేమిరా అంది. సన్నటి చాకు కింద పెట్టి మెల్లగా ఎత్తారు. కిర్రుమంది. ఇంకాస్త ఎత్తేసరికి హోటలుతో పాటు జెట్టీ, జెట్టీతో పాటు అరచేతి మేర సముద్రం పెళ్ళగిలి చేతికొచ్చాయి. గబగబా సముద్రాన్ని మళ్ళీ దాని చోట నొక్కి, పగుళ్ళలో నీలం రంగు నింపేసరికి పొద్దు వాలింది. హోటలు ఎక్కడిదక్కడే ఉంది, పైకప్పు మూల ఒకటి సొట్ట పడింది, అంతే. నిజం చెప్పాలంటే ఆయనకు లోపల ఎక్కడో హాయిగానే అనిపించింది.

డైరెక్టరు గారు చూసి తల పట్టుకున్నారు. "ఇప్పుడేం చేస్తాం? దాని మీద రెండు చెట్లు పెట్టి కప్పెయ్యండి."

మాస్టారు స్పాంజితో చేసిన రెండు గుబురు చెట్లు తెచ్చి పసుపు రేకుల మీద నిలబెట్టారు. మెత్త జిగురుతో.

మర్నాడు పెద్దావిడ వచ్చింది. తెల్లజుట్టు, చదును చెప్పులు, ఎవరు మాట్లాడినా చివరిదాకా వినే అలవాటు. డైరెక్టరు గారు ఆ రోజు ఎంత బాగా చెప్పారంటే, మాస్టారికి తన నగరమే తనకు కొత్తగా కనిపించింది. ఒకప్పుడు నాలుగు గోదాములూ, పడవలూ తప్ప ఏమీ లేని ఒడ్డు ఇది. ఇప్పుడు ఓడలు వరుసలో నిలబడి వంతు కోసం చూస్తున్నాయి. వాటిలో ప్రతి ఒక్కదాన్నీ తనే చెక్కారు. గర్వంగా గొంతు సవరించుకోబోయి, సమయం కాదని ఆగారు.

సరిగ్గా అప్పుడే పెద్దావిడ జెట్టీ మీదికి వంగింది. ఆవిడ శాలువా కొంగు తగిలి చెట్లు రెండూ సముద్రంలో పడ్డాయి. పచ్చటి ఖాళీ స్థలం మధ్యలో సొట్ట కప్పుతో పసుపు హోటలు బయటపడింది.

"ఇదేమిటి?"

డైరెక్టరు గారు కర్ర దించారు. ఆయన నోరు తెరిచేలోపే గోడ దగ్గరనుంచి జవాబు వచ్చింది. "మా అక్క హోటలండీ."

పెద్దావిడ ముందు హోటలునూ, తర్వాత మాస్టారినీ చూసింది. "నిజంగా ఉందా? ఇప్పుడు తెరిచే ఉంటుందా? అయితే భోజనానికి అక్కడికే వెళ్దాం. స్థలం కూడా చూసినట్టుంటుంది." ఎత్తైన భవనం పై అంతస్తులో గుత్తులు గుత్తులుగా పూలు పెట్టించి డైరెక్టరు గారు ఏర్పాటుచేసిన విందు గురించి ఎవరు చెప్తారు? కార్లు కదిలాయి.

కారులో మాస్టారికి చోటు లేదు. సైకిలెక్కారు. తను చెప్పలేని మాట ఆ బల్లల దగ్గర ఎవరో నవ్వుతూ అనేస్తారు, అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. ఆ ఒక్క దృశ్యమే కళ్ళముందు ఆడుతుంటే, అద్దాల మేడల ముందునుంచి, లారీల పక్కనుంచి, తను అట్టతో కట్టిన ప్రతి మలుపూ తిరుగుతూ తొక్కారు. అట్ట మీద జానెడు దూరం కూడా లేని జెట్టీ, తొక్కుతున్న కొద్దీ దూరమైపోయింది.

చేరేసరికి అందరూ తింటున్నారు. పెద్దావిడ చొక్కా చేతులు పైకి మడిచి, వేయించిన చేప ముల్లు శ్రద్ధగా తీస్తోంది. మాస్టారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"మేం వస్తే ఈ హోటలు ఇక్కడ ఉండదు. మీకు తెలుసా?" అంటోంది పెద్దావిడ. మర్యాదగానే, దాచకుండా.

"తెలుసమ్మా" అంది అక్క, ఆవిడ పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ. "స్థలం కొలవడానికొచ్చిన పిల్లలంతా ఇక్కడే తిన్నారు. తింటూ మాట్లాడుకోరా ఏంటి? సరేగాని, మీ ఫ్యాక్టరీ గేటు ఎటువైపు పెడుతున్నారు?"

పెద్దావిడ ముల్లు తీయడం ఆపింది. "ఎందుకు?"

"అంతమంది మధ్యాహ్నం ఎక్కడ తింటారు? లోపల మీరు పెట్టేది పెడతారు, కాదన్ను. కాని మనిషికి గంటసేపు గేటు దాటి బయటికి రావాలనిపిస్తుందమ్మా."

పెద్దావిడ నవ్వి, గేటు సంగతి ఆ బొమ్మ మీద చూస్తే తెలుస్తుందని చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు లోపలికి వచ్చి, చిన్నప్పుడు కూర్చున్న బల్ల దగ్గరే కూలబడ్డారు. "నీకు ముందే తెలుసా అక్కా?"

"నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాన్రా. 'అక్కా, ఒక మాట' అన్నావు చూడు, ఆ రోజు చెప్తావనుకున్నా."

"కోపం రాలేదా?"

"రాకేం? ఉప్పెక్కువైందన్నందుకు."

మాస్టారు నవ్వలేకపోయారు. అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. "బాధ లేదనను. ఈ పొయ్యి దగ్గరే నా వయసంతా పోయింది. నిన్ను పెంచింది ఇక్కడే. కాని వాన పడితే పొయ్యికి గొడుగు పట్టుకుని వండుతున్నా. ఓడలు బాగుచేసేవాళ్ళు సగం మంది కొత్త రేవుకి వెళ్ళిపోయారు. తినేవాళ్ళు అటు, నేనిటు ఉంటే ఎవరికి వండను? ఊరు కదిలింది, నేనూ కదులుతా. నీకొచ్చిన కష్టమేంటిరా మధ్యలో?"

"తీసే చెయ్యి నాది కదక్కా."

అక్క ఆ చెయ్యి తీసుకుని చూసింది. వేళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగు ఉంది. "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది.

రెండురోజుల తర్వాత అక్క ఆఫీసుకు వచ్చింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. ఎప్పుడు రమ్మన్నా, అసలు ఊళ్ళో తిరగడానికే తీరిక లేదు, బొమ్మ ఊళ్ళో ఏం తిరుగుతానురా అనేది. ఇప్పుడు నెమ్మదిగా చుట్టూ నడిచింది. తాము నీళ్ళు పట్టుకున్న వీధి కొళాయి ఎక్కడుండేదో కనిపెట్టింది. సొట్ట పడ్డ పసుపు హోటలు దగ్గర ఆగి, "ఇదేనా సముద్రాన్ని ఊడబెరికింది?" అని వేలితో తాకింది. మాస్టారు గొంతు సవరించుకోలేదు.

డైరెక్టరు గారు కర్రతో గేటు వచ్చే చోటు చూపించారు. అక్క కర్ర వైపు చూడలేదు, రోడ్డు చూసింది. "బస్సు ఎక్కడ ఆగుతుంది బాబూ?" చూపించారు. బస్సు దిగి గేటుకు వెళ్ళే మలుపు మీద వేలు పెట్టి నొక్కింది. "నాకిక్కడ కావాలి."

"నేనిప్పుడే మాట ఇవ్వలేనమ్మా. పైవాళ్ళను అడగాలి, కంపెనీ ఒప్పుకోవాలి."

"అడగండి, తప్పకుండా అడగండి. ఈలోగా బొమ్మలో పెట్టుకుంటే ఎవరికి నష్టం?"

డైరెక్టరు గారు నవ్వాపుకోలేక, "పెట్టండి మాస్టారూ" అన్నారు.

అక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. రేకులు వద్దు, డాబా వెయ్యి. కిటికీ పొయ్యి వైపు పెట్టు. రంగు మాత్రం పసుపే. చెప్పింది చెప్పినట్టు మాస్టారు కోసి, మడిచి, రంగు వేశారు. బల్ల కింద కూర్చుని టీ పెట్టెలతో ఇళ్ళు కట్టిన రోజుల తర్వాత, ఆవిడ చూస్తుండగా ఆయన ఇల్లు కట్టడం ఇదే. ఆరాక, ఆలోచించకుండానే గట్టి జిగురు డబ్బా మూత తీశారు.

"ఏంటది?" అంది అక్క. డబ్బాల సంగతి భోజనాల దగ్గర విని విని ఆవిడకు కంఠతా వచ్చు.

"గట్టిది."

"వద్దురా. మెత్తదే పెట్టు. ఊరు మళ్ళీ కదిలితే?"

"ఊడిపోతుందేమో అక్కా."

"ఊడితే నువ్వు లేవూ, మళ్ళీ అతికించడానికి?"

మాస్టారు మూత పెట్టేసి, పిండి జిగురులో కుంచె ముంచారు. కళ్ళలో నీళ్ళు తిరిగి మలుపు సరిగా కనిపించలేదు. హోటలు కాస్త వంకరగా అతుక్కుంది. సరిచేయబోతే అక్క వద్దని చెయ్యి పట్టుకుంది.