కుట్టుమిషన్ మేడం దిష్టిబొమ్మలు

ఆ రోజుల్లో మా వైపు జనం ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ కాపురం చేసేవారు. తెలంగాణ రాష్ట్రం వచ్చేదాకా రోడ్డు దిగేది లేదన్నారు కదా, అందుకని వంట రోడ్డు మీదే, భోజనం రోడ్డు మీదే, ఆటాపాటా రోడ్డు మీదే. సరిగ్గా అప్పుడే నాకు ఉద్యోగం దొరికింది. పిల్లల్ని దత్తత తీసుకున్న కుటుంబాలకు కౌన్సెలింగ్ చెయ్యడం నా పని. జనగామలో ఒక గది ఆఫీసు, మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా నా రాజ్యం. వయసు ఇరవై మూడు. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, ఇంట్లో కుక్కపిల్లను కూడా పెంచిన అనుభవం లేదు. అయినా పిల్లల్ని ఎలా పెంచాలో ఊరూరా తిరిగి చెప్పేదాన్ని. (నవ్వకండి, ట్రైనింగ్‌లో నాకే మొదటి ర్యాంకు.)

భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఒక కుటుంబం ఉండేది. బాయిలో పనిచేసే పెంటయ్య (కాలనీకి పెంటన్న), నేను అక్కా అని పిలిచే అతని భార్య, అతని తల్లి అవ్వ, ఎనిమిదేళ్ల కూతురు చిట్టి. చిట్టిని నెలల పిల్లప్పుడు దత్తత తెచ్చుకున్నారు. ఆ సంగతి కాలనీలో పాలవాడి దగ్గర్నుంచి అందరికీ తెలుసు, చిట్టికి తప్ప. వచ్చే వారం మేనమామ పెళ్లి. నోటికి మూత లేని చుట్టాలంతా దిగుతారు. వాళ్లలో ఎవరో ఒకరు నోరు జారేలోగా తల్లే చెప్పాలి. కానీ ఆ అక్కకు ఒకటే భయం. 'చెప్పినంక నన్ను ఇడిసిపెట్టి పోతా అంటే ఎట్ల మేడం?' అని ఫోన్లో ఏడ్చేది. అప్పటికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ చాయ్ తాగించి, 'రేపు చెప్తా' అని పంపించింది. పైగా నేను ఎవరన్నది బయటపడకుండా, కుట్టుమిషన్ నేర్పే మేడం అని కాలనీ అంతా చెప్పి పెట్టింది. ఇద్దరు ఆడవాళ్లు జాకెట్టు గుడ్డలు కూడా తెచ్చి చూపించారు. నాకు గుండీ కుట్టడం రాదు.

నాలుగోసారి పూర్తి సరంజామాతో బయలుదేరాను. ఆఫీసు వాళ్లిచ్చిన గుడ్డ బొమ్మలు మూడు సంచిలో పెట్టుకున్నాను. ఒకటి కన్నతల్లి, ఒకటి పెంచిన తల్లి, మూడోది పాపాయి. వాటితో కథ చెబితే పిల్లలు ఏడవకుండా అర్థం చేసుకుంటారని మా ట్రైనింగ్ పుస్తకంలో ఉంది. భూపాలపల్లి చేరేసరికి రాస్తారోకో. జీపు ఆగిపోయింది, దిగి నడిచాను. కాలనీ మొత్తం రోడ్డు మీదే ఉంది. మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, మధ్యలో మైకు. మా అక్క ఒక గంజు దగ్గర అన్నం కలుపుతోంది. పక్కన అవ్వ, చిట్టి.

నేను సంచి కింద పెట్టానో లేదో, బొమ్మల తలలు బయటికి తొంగిచూశాయి. మైకు పట్టుకున్న తమ్ముడు ఒకడు చూశాడు.

"అరే, కుట్టుమిషన్ అక్క దిష్టిబొమ్మలు కుట్టుకొచ్చింది రా."

చుట్టూ చప్పట్లు. అతను రెండు అమ్మల్నీ బయటికి లాగి తిప్పి తిప్పి చూశాడు. "జర పెద్దగ కుట్టకపోతివి అక్కా. గింత చిన్నగుంటే పేపరోళ్లకు కనవడదు. అయినా ఏం ఫికర్ లేదు, నీ కష్టం ఊకె పోనియ్యం."

నేను నోరు తెరిచాను. అవి దిష్టిబొమ్మలు కావు, కౌన్సెలింగ్ బొమ్మలు అనాలి. అంటే కౌన్సెలింగ్ ఎవరికి అంటారు. గంజు వెనక నుంచి మా అక్క కళ్లతోనే దండం పెట్టింది. కుటుంబ రహస్యం బయటపెట్టనని నేను సంతకం చేసిన మనిషిని. అందుకే నోరు మూసుకున్నాను. నా కళ్ల ముందే కన్నతల్లి, పెంచిన తల్లి జై తెలంగాణ నినాదాల మధ్య భగ్గున కాలిపోయారు. నేను కూడా చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

పాపాయి బొమ్మ మాత్రం బతికింది. చిట్టి దాన్ని ముందే లాక్కుంది. "గిది చిన్నపిల్ల, దీన్ని కాలవెట్టద్దు" అని గౌను కింద దాచుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి అడిగింది. "అక్కా, మరి దీన్ని ఇప్పుడు ఎవరు సాదుతరు?"

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. ఎవరు పెంచుతారు అన్నదానికి పుస్తకంలో నలభై రెండో పేజీలో జవాబు ఉండేది, కానీ అది చెప్పాలంటే ఆ రెండు అమ్మ బొమ్మలూ కావాలి. అవ్వ నా ముందు బుట్టెడు ఉల్లిగడ్డలు కుమ్మరించింది. "నువ్వు గవి కొయ్యి బిడ్డా" అని, చిట్టి వైపు తిరిగింది.

"ఎవరో ఒకరు సాదుకుంటరు. మీ బాపును నేను సాదుకోలేదా? నాకు ముందు పుట్టినోళ్లు ఇద్దరు దక్కలే. మీ బాపు పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టిన. పక్కింటామె ఎత్తుకున్నది. ఆమెకు చాటెడు తవుడిచ్చి మళ్ల కొనుక్కున్న. గట్ల చేస్తే దక్కుతరని. గందుకే పెంటయ్య అని పేరు పెట్టినం."

పొయ్యిలోకి కట్టెలు తోస్తున్న పెంటన్న తోటి కార్మికుల ముందు తల దించుకున్నాడు. చిట్టి పడీ పడీ నవ్వింది. "బాపు చాటెడు తవుడేనా? మరి నన్ను ఎంతకు కొన్నరు?"

కొనడం అనే మాట వాడరాదని మా పుస్తకంలో ఎర్ర గీత గీసి ఉంది. నేను ఉల్లిగడ్డ వదిలేసి లేవబోయాను. అంతలో అక్క గరిటె కింద పెట్టకుండానే, గంజులోకే చూస్తూ మాట్లాడింది.

"నిన్ను కొనలే బిడ్డా. ఇంకో అమ్మ కన్నది నిన్ను. ఆమె సాదలేకపోయింది. నేను మూడేండ్లు ఎదురుచూసిన నీ కోసం. సారోళ్లు వచ్చి మేం మంచోళ్లమా కాదా అని ఇల్లంత చూసిపోయిండ్రు. అప్పుడు ఇచ్చిండ్రు." అన్నం ఒకసారి తిప్పింది. "నువ్వు పోతవా?"

చిట్టి ఆశ్చర్యంగా చూసింది. "యాడికి పోవాలె? అన్నం ఇంక కాకపాయె."

అక్క ఏడ్చింది. అవ్వ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కాకపోతే ఉల్లిగడ్డల పుణ్యమా అని ఎవరూ పట్టించుకోలేదు.

పది రోజుల తర్వాత అక్క నుంచి ఫోన్. "మేడం, చిట్టి పెండ్లిల అందరికి అదే చెప్పింది. బాపు తవుడుకు వచ్చిండు, నేను మా అమ్మోళ్లకు పరీక్ష వెట్టి వచ్చిన అని. పెండ్లిపిల్ల తరపోళ్లకు సుత చెప్పింది. దీన్ని ఎట్ల ఆపాలె?" చెప్పడం ఎలాగో నాలుగు అధ్యాయాలు రాసిన మా పుస్తకంలో, ఆపడం ఎలాగో ఒక్క ముక్క లేదు.

రాష్ట్రం వచ్చింది. నేను ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలకు ట్రైనింగ్ ఇస్తున్నాను. మొన్న పాత ఫైళ్లు సర్దుతుంటే ఆనాటి రిపోర్టు కనబడింది. 'బొమ్మలు: రెండు, ఉద్యమంలో దహనం. ఒకటి, పాప ఇవ్వనన్నది.' దాని కింద 'కౌన్సెలింగ్ చేసినవారు' అన్నచోట నా పేరు గుండ్రంగా, గర్వంగా రాసుకుని ఉన్నాను. అలా రాసుకున్న ఆ ఇరవై మూడేళ్ల పిల్లను తలుచుకుంటే కోపం రాలేదు, ముద్దొచ్చింది. పెన్ను తీసి నా పేరు కొట్టేశాను. అక్కడ అవ్వ అని రాసి, కింద చిన్న అక్షరాలతో 'ఉల్లిగడ్డలు కోసినవారు' అని చేర్చి, దాని ఎదురుగా నా సంతకం పెట్టాను.