సుజాత ఫస్ట్, మాధవి ఆబ్సెంట్

ఒకే పరీక్షలో ఫస్టు వచ్చి, అదే పరీక్షకు ఆబ్సెంటు కూడా అయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. ఇందులో కాలేజీ వాళ్ల తప్పు రవ్వంత కూడా లేదు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ మహా తెలివిగా తవ్వుకున్నాను.

ముందు మా బాపు గురించి చెప్పాలి. చేవెళ్లలో మాది కిరాణా దుకాణం. కందిపప్పు బస్తా దిగితే బాపు తూకం వేస్తాడు, మళ్లీ వేస్తాడు, ఆ తర్వాత తరాజును కూడా అనుమానంగా చూస్తాడు. అంతటి మనిషి ఒకసారి కనకమామిడిలో ప్లాట్లు చూపిస్తామంటే ఉచిత బస్సు ఎక్కాడు. వాళ్లు కమ్మగా భోజనం పెట్టి, చెయ్యి కడుక్కునేలోగా గేటు వేశారట. అడ్వాన్సు ఇస్తేగాని బస్సు కదలదన్నారట. బాపు కడుపునొప్పి అని నేలమీద పొర్లి, ఆటోలో బయటపడ్డాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో ‘ఫ్రీ’ అన్న మాట బూతుమాట కింద లెక్క.

సరిగ్గా అలాంటి ఇంటికి వచ్చింది ఆ మెసేజి. మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో నాకు సీటు వచ్చింది. అసలు క్లాసులు మొదలయ్యేలోపు కొత్త పిల్లలకు లెక్కలు గట్టిపడేలా బ్రిడ్జ్ కోర్సు పెడుతున్నామని, రుసుము ఏమీ లేదని, బస్సూ భోజనమూ తామే చూసుకుంటామని కాలేజీ వాళ్లు రాశారు. బాపు దాన్ని మూడుసార్లు చదివాడు.

“బస్సు ఫ్రీ. అన్నం ఫ్రీ. బిడ్డా, ఈ కథ నాకు ఎరుకే.”

“కాలేజోళ్లు బాపు. లెక్కలు నేర్పుతరట.”

“గా ప్లాట్లోళ్లు సుత మంచిగనే మాట్లాడిండ్రు. అన్నం తిన్నంకనే అసలు రంగు బయటపడ్డది.”

పోనీ మానేద్దామా అంటే కుదరదు. కోర్సు చివర ఒక పరీక్ష ఉంది. అందులో గట్టెక్కని వాళ్లు సెమిస్టరంతా ఆదివారాలు కూడా క్లాసుకు రావాలి. నాకు లెక్కలంటే వణుకు, ఆదివారం నిద్రంటే ప్రాణం. నా ప్రాణం నా వణుకు చేతిలో పడిందన్నమాట. చివరికి బాపు షరతులతో పంపించాడు.

“పో. కాని అసలు పేరు చెప్పకు. నంబర్ ఇయ్యకు. తిన్నంక జర గేటు దిక్కు చూస్తుండు.”

మొదటిరోజు బస్సు దగ్గర ఒక సీనియరు అక్క పేర్లు రాసుకుంటోంది. అడ్మిషన్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి ఎవరేది చెబితే అదే రాసుకుంటోంది. “పేరేంది చెల్లె?” అని నవ్వుతూ అడిగింది. నవ్విందంటేనే ఏదో ఉందనుకున్నాను. ఎదురుగా లేడీస్ టైలరు బోర్డు కనబడింది.

“సుజాత.”

“ఊరు?”

“చిల్కూరు,” అన్నాను చేవెళ్ల బస్టాండులో నిలబడి. నంబరు అడిగితే బాపు నంబరులో చివరి అంకె మార్చి చెప్పాను. బస్సెక్కి కూర్చున్నాక నా తెలివికి నేనే మురిసిపోయాను. రాత్రి ఇంటికెళ్లి చెబితే బాపూ మురిసిపోయాడు.

క్లాసులో నా పక్కన చిన్న మంగళారం నుంచి వచ్చిన కవిత కూర్చుంది. ఆమెకూ సుజాతననే చెప్పాను. కిటికీలోంచి చూస్తే రంగులేసిన హద్దురాళ్లు, రెపరెపలాడే జెండాలు. అచ్చం బాపు చెప్పిన ప్లాట్లలాగే ఉన్నాయి. లెక్కల సారు వచ్చి, నమస్తే చెప్పి, బోర్డు మీద తిన్నగా ఒక దీర్ఘచతురస్రం గీశాడు. కవితను మోచేత్తో పొడిచాను.

“చూసినవా? షురూ జేసిండు.”

“ఏంది?”

“గజాల లెక్క!”

సారు “దీని పొడవు ఎక్స్ అనుకుందాం” అన్నాడు. ఇక ఆగలేకపోయాను.

“అనుకునుడేంది సార్? కొలువలేదా?”

“తెల్వదు కాబట్టే అనుకుంటున్నమమ్మా.”

“మరి దీనికి రోడ్డు ఏ దిక్కున్నది సార్?”

క్లాసంతా గొల్లుమంది. సారు మాత్రం మురిసిపోయాడు. “గిట్ల అడిగేటోళ్లే కావాలె నాకు. పేరేంది బిడ్డా?”

“సుజాత,” అంది కవిత, నేను నోరు తెరిచేలోపే.

ఆ రోజు నుంచి నేను సారు మీద నిఘా పెట్టాను. ఎక్కడ అంకె మారుస్తాడో, ఎక్కడ ఒక గుర్తు మింగేస్తాడో అని ప్రతి మెట్టూ సరిచూశాను. ఆయన చేసిన లెక్కను ఇంటికి వెళ్లి మళ్లీ చేసేదాన్ని, మోసం దొరుకుతుందేమోనని. దొరకలేదు. అన్నం తిన్నాక గేటు వైపు చూసేదాన్ని. అది బార్లా తెరిచే ఉండేది, వాచ్‌మన్ కునుకు తీస్తుండేవాడు. “చివరి రోజు చూడు, అప్పుడు తెలుస్తది,” అనేవాడు బాపు. ఇలా అనుమానపడుతూ అనుమానపడుతూ, మీరు నమ్మరుగానీ, నాకు లెక్కలు వచ్చేశాయి! అప్పటికి అది నిజమైన కోర్సేనని నాకూ అర్థమైంది. కానీ సారు అందరి ముందూ “సుజాతను చూసి నేర్చుకోండ్రి” అంటుంటే, ఆ సుజాత లేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. పరీక్షలో కూడా ఆ పేరే రాసి వచ్చాను.

అసలు క్లాసులు మొదలైన రోజు నోటీసు బోర్డు చూశాను. ఫస్టు సుజాత. కింద ఆదివారం క్లాసులకు రావలసినవాళ్లలో మాధవి, ఆబ్సెంటు. మాధవి అంటే ఎవరో కాదు, నేనే. సారు దగ్గరికి పరుగెత్తాను.

“సార్, మాధవి ఆబ్సెంట్ కాదు సార్. అది నేనే.”

“నువ్వు సుజాతవు గదా?”

“అదీ నేనే సార్.”

సారు కళ్లజోడు తీశాడు. “ఆ మాధవి ఎవరో పని దొంగ. నీ దోస్తా? దాన్ని గట్టెక్కిద్దామని వచ్చినవా?”

ఐడీ కార్డు చూపించాను. ఫొటో నాది, పేరు మాధవిది. ఆయన అనుమానం ఇంకా ముదిరింది.

“కవలలా మీరు? మొన్న మెచ్చుకుందామని సుజాత ఇంటికి ఫోన్ చేస్తే, ఎవరో పెద్దమనిషి నాకసలు లగ్గమే కాలేదు, బిడ్డెక్కడిదని తిట్టిండు. మీ బాపును పిలువు.”

బాపు దుకాణం మూసుకుని వచ్చాడు. ఇక గండం గడిచినట్టే అనుకున్నాను. సారు మర్యాదగా కుర్చీ వేసి అడిగాడు. “సేటూ, ఈ పిల్ల మీ బిడ్డేనా? పేరేంది?”

బాపు సారును పైనుంచి కిందదాకా చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు. నాకేసి నిబ్బరంగా తలూపి అన్నాడు:

“సుజాత. మాది చిల్కూరు.”

“బాపూ!” అని నేను పెట్టిన కేకకు స్టాఫ్ రూములో టీలు ఒలికిపోయాయి.

చివరికి ఏడుస్తూ మొత్తం చెప్పాను, ప్లాట్లతో సహా. సారు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వి, నవ్వి, కళ్లజోడు పెట్టుకుని తీర్పు చెప్పాడు.

“రూలంటే రూలే. పరీక్ష రాయని మాధవి ఆదివారాలు రావాలె. ఫస్టొచ్చిన సుజాత వాళ్లకు పాఠం జెప్పాలె.”

ఆ సెమిస్టరంతా ఆదివారం పొద్దున్నే బోర్డు ముందు నిలబడి మాధవి పేరు పిలిచింది నేనే, పలికిందీ నేనే. కాబట్టి సకల విద్యార్థిలోకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎవరిని అనుమానించినా, ఎంత అనుమానించినా, నా సొంత పేరుతోనే అనుమానిస్తాను!