బ్లాస్టింగ్ టైం అనుకున్నాం

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగి మా దుకాణం అద్దాలు గలగలమన్నాయంటే చాలు, నాకు లింగన్న గుర్తొస్తాడు. గోదావరిఖనిలో దుకాణం పెట్టి ఇంటర్నెట్ కనెక్షన్లు చూసేవాడాయన. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి పని నేర్పాడు. “పాస్‌వర్డు పెట్టుడు ఎవలకైనా వస్తది చెల్లె. ముందుగాల ఇంట్ల ఎవలది ఏ షిఫ్టో అడుగు” అనేవాడు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు పగలు పడుకునే వేళకు పిల్లల ఫోన్లలో నెట్ బందయ్యేలా రౌటర్‌లో పెట్టేవాడు. ఇదేం చాదస్తమని నవ్వుకునేదాన్ని కానీ, ఆ ఇళ్లవాళ్లు ఆయన్ని అన్నం పెట్టకుండా పంపేవాళ్లు కారు.

ఆయన భార్య సరోజ వదినె ఊపిరితిత్తులు చెడి ఆక్సిజన్ మిషన్ మీదే బతికేది. పిల్లల్లేరు. గని కోసం కాలనీ ఖాళీ చేయిస్తుంటే ఇరుగుపొరుగూ వెళ్లిపోయారు. పగలు ఆమెను చూసే దిక్కులేక లింగన్న మంచానికి ఎదురుగా కెమెరా బిగించాడు. ఇంటి బయటినుంచి అది కనబడాలంటే రౌటర్‌లో దానికో దారి తెరవాలి. పోర్టు తెరవడం అంటాం. ఆ పని నాతోనే చేయించాడు. ఫోన్‌లో వదినె కనబడగానే “ఇగ ఫికర్ లేదు” అన్నాడు.

ఒకరోజు మేమిద్దరం బసంత్‌నగర్‌లో ఒకరింట్లో రౌటర్ సెట్ చేస్తుండగా ఫోన్‌లో వదినె బొమ్మ పోయింది.

“అన్నా, లైన్ పోయినట్టున్నది.”

ఆయన గడియారం చూశాడు. “బ్లాస్టింగ్ టైం గద. జరసేపైతే అదే వస్తది.”

మా దగ్గర అందరూ అనే మాటే. ఆ అదురుకు పాత తీగలు వదులై లైను పోవడం, మళ్లీ రావడం మామూలే. పని ముగించి, వాళ్లిచ్చిన చాయ్ తాగి బయల్దేరాం.

ఆ రోజు కాలనీకి కరెంటే పోయింది. మిషన్ ఆగిపోయింది. పక్కనున్న సిలిండర్ తిప్పుకునే బలం ఆమెకు లేదు.

వదినె దినాలయ్యాక వెళ్తే లింగన్న ఆ కెమెరా కిందే కూర్చుని ఉన్నాడు. “నేను చూస్తున్ననే అనుకున్నది చెల్లె” అన్నాడు. “తలుపు తీసేసరికి మొఖం కెమెరా దిక్కే ఉండె.” ఆ తర్వాత ఆయన దుకాణం తెరవలేదు. ఏడాది తిరగకుండానే ఆయనా పోయాడు. నాకు ఏడుపు కూడా సరిగా రాలేదు.

ఆయన నేర్పిన పనితోనే బతుకుతున్నాను. మంచంపట్టిన వాళ్లకోసం కెమెరా పెట్టమని ఇప్పటికీ అడుగుతారు. దగ్గర మనిషిని పెట్టుకోండి అంటాను.

“మనిషి దొరికితే నీ దగ్గరికి ఎందుకొస్తం బిడ్డా?” అంటారు.

వెళ్లి పోర్టు తెరిచి వస్తాను.