చప్పుడు లేని వార్తలు, చప్ప ఉప్మా

మొన్న పొద్దున మా పెద్దబాపు పోయాడు. ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేసి, "తమ్మీ, బాపు పోయిండు. టీవీ ముంగట కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, "ఏ చానల్ నడుస్తుండె?" అని అడిగాను. ఇదేం ప్రశ్న అని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో మాత్రం అది అడగాల్సిన ప్రశ్నే. "అవ్వ చానల్" అన్నాడు అన్న. అవ్వ అంటే వాళ్లమ్మ, మా పెద్దమ్మ.

పెద్దబాపు మా నాన్నకు అన్న. సిరిసిల్లలో బతుకంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసినవాడు. ఆ మోతకు చెవులు పోయాయి. సాంచాల షెడ్డులో ఎంత అరిచినా వినబడదు కాబట్టి మా వాళ్లు గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకుంటారు. ముచ్చట్లు, పరాచికాలు, బూతులు అన్నీ అలాగే నడుస్తాయి. పెద్దమ్మ కూడా ఆయనతో అలాగే మాట్లాడేది. తిట్టేటప్పుడు సైతం చప్పుడు ఉండేది కాదు.

పెద్దబాపు టీవీ కూడా చప్పుడు బంద్ పెట్టి, యాంకర్ల పెదవులు చూస్తూ వార్తలు చదివేవాడు. ఆయన చానల్ సర్కారును మెచ్చుకునేది. పెద్దమ్మ చానల్ సర్కారును దులిపేది. రిమోట్ ఒక్కటే. సర్కారు పేదల ఉచిత వైద్యానికిచ్చే ఆరోగ్య కార్డు పద్ధతి మార్చినప్పుడైతే ఆ రిమోట్‌కు ఊపిరాడలేదు. ఆయన చానల్లో ఇక పేదలకు రోగాలే రావన్నట్టు చూపించారు. ఆమె చానల్లో దవాఖానలన్నీ తాళాలు వేసుకుని పోయినట్టు చూపించారు. అసలు చిక్కేమిటంటే, అప్పటికే పెద్దమ్మ రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. బీడీలు చుట్టేటప్పుడు బీడీకి కట్టాల్సిన దారం వేలికి కట్టుకుంటోంది.

"కార్డు చెల్లదట. నేను రాను" అంది పెద్దమ్మ.

"చెల్లుతదని నా చానల్ల చెప్పిండ్రు."

"నీ చానలోడు ఎన్నడన్న లేదన్నడా?"

పెద్దబాపు టీవీ బంద్ చేసి, "నడువ్, మనమే పోయి చూసొద్దాం" అని ఆమెను కరీంనగర్ బస్సు ఎక్కించాడు. తోడుగా నన్నూ లాక్కెళ్లాడు.

దవాఖానలో కార్డు చెల్లింది. కానీ మిషన్ ఖరాబైందని ఆ రోజు తిప్పి పంపారు. మళ్లీ పోతే ఒక కంటికి ఆపరేషన్ చేశారు, శుభ్రంగా చేశారు. రెండో కంటికి తర్వాత రమ్మన్నారు. మరునాడు పొద్దున వార్డులోకి రెండు చానళ్ల వాళ్లూ మైకులతో దిగారు. అప్పుడే చుక్కల మందు వేయడంతో పెద్దమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పెద్దబాపు ఉప్మా ప్లేటు పట్టుకుని ఎవరితోనో గట్టిగా కొట్లాడుతున్నాడు.

ఆ సాయంత్రం ఆయన చానల్లో పెద్దమ్మవి ఆనందబాష్పాలయ్యాయి. ఆమె చానల్లో పెద్దబాపు, కార్డు పథకం మీద మండిపడుతున్న వృద్ధుడయ్యాడు. ఆయన గొంతు వినబడకుండా యాంకరే ఆవేశంగా మాట్లాడుతున్నాడు. పాపం, సాంచాల వాడకట్టుకు గొంతుతో పనిలేదని ఆ యాంకర్‌కేం తెలుసు? వాడకట్టంతా పెద్దబాపు పెదవులు చదివేసింది. ఆయనన్నది ఇంతే: "ఉప్మాల ఉప్పు లేదు. జర ఉప్పు తెండ్రి!"

తెల్లారి చాయ్ హోటల్ దగ్గర ఆయన కనబడితే చాలు, ఉప్పు డబ్బా చూపించని వాడు లేడు.

అందరితో పాటు నవ్వాడు గానీ, లోపల నొచ్చుకున్నాడు. దవాఖానకు మైకుతో వచ్చిన చానల్ పిలగాడొకడు మళ్లీ వస్తే కూర్చోబెట్టి చెప్పాడు. "కన్ను మంచిగ చేసిండ్రు. గది చెప్పు. ఒకపారి ఉత్తగ తిప్పిండ్రు. గదీ చెప్పు."

ఆ పిలగాడు, "ఏదన్న ఒకటే చెప్పు, పెద్దాయినా" అని చేత్తో సైగ చేశాడు.

"గట్లెట్ల బిడ్డా? రెండూ మాకే అయినయి గద!"

అది ఏ చానల్లోనూ రాలేదు. అప్పటి నుంచి ఆయన పెద్దమ్మ చానల్ కూడా చూడటం మొదలుపెట్టాడు. నేను ఏ వార్త పట్టుకొచ్చి పరేషాన్ అయినా, "రెండు చానళ్లు చూడు. చూసినంక బస్సెక్కు" అనేవాడు. ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది, ఇంకా పనికొస్తుంది. రెండో కంటికి వచ్చే వారం పోదామని పెద్దమ్మకు మాటిచ్చాడు. ఈలోపే ఇలా అయింది.

నేను వెళ్లేసరికి ఇల్లంతా ఏడుపులు. పెద్దమ్మ ఒక్కతే చప్పుడు లేకుండా ఆయన తల దగ్గర కూర్చుంది. మసక కన్నును అరచేత్తో మూసుకుని, ఆపరేషన్ అయిన కంటితో ఆయన్నే చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి. చుట్టూ ఉన్నది సాంచాల వాళ్లే కదా, అందరమూ చదివాం.

"ఉప్మా చేసిన. ఉప్పు ఏసిన. లే."

ఆయన చదవలేదేమోనని, ముఖం ఇంకాస్త దగ్గరగా పెట్టి, మళ్లీ అదే అంది.