నూనె మీద బొట్టు

మా వట్లూరు షెడ్డులో ఉన్నది ఒకే ఒక్క లేత్ మిషను. పెదపాడు వైపు చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లకి మా ఆయన ఏళ్ల తరబడి దాని మీదే ఇరుసులు తిప్పారు. కంపెనీల రెడీమేడ్ సరుకు దిగాక ఆ పని కాస్తా పోయింది. ఇక షెడ్డు మూసేద్దామనుకుంటుంటే, సైన్యానికి సరుకిచ్చే కంపెనీ ఒకటి ఫిరంగి గుండుకి బిగించే ఉక్కు రింగులు చెయ్యమంది. మొదటి లాటు పాసయితే పనికి లోటుండదు. తప్పితే మిషను అమ్ముకోవడమే.

"చెరువులు చిలికేవారు ఫిరంగులు చేస్తారటండీ!" అని వీధిలో వేళాకోళం. నవ్వితే నవ్వారు, వాళ్ల సొమ్మేం పోయింది? మా ఆయన తిండీ నిద్రా మాని తిప్పారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ రింగు పక్కన పడేసేవారు. పూర్తయినవాటికి నూనె పూసి బల్ల మీద పేర్చారు.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజే మేమిద్దరం చెక్కపెట్టెలు తేవడానికి తాడేపల్లిగూడెం వెళ్లి, వానకి అక్కడే చిక్కుకుపోయాం. మర్నాడు వచ్చి చూస్తే రింగులన్నిటికీ పసుపూ కుంకుమా! ఏటా సుత్తుల దగ్గర్నుంచి షెడ్డు తాళం దాకా బొట్లు పెట్టేది మా అత్తగారే.

"నూనె మీద బొట్టు నిలవలేదమ్మాయ్. శుభ్రంగా తుడిచి, తడి పసుపు రాసి పెట్టాను" అన్నారు మురిసిపోతూ.

"అయ్యో అత్తయ్యా, వాటి జోలికెందుకెళ్లారండీ!"

"అదేంటే? సుత్తికీ స్పానరుకీ చేస్తాం, అసలైన ఆయుధానికి చెయ్యొద్దూ?"

కొల్లేటి చెమ్మగాలికి నూనె లేని ఉక్కు ఎంతసేపాగుతుంది? ప్రతి బొట్టు కిందా తుప్పు మచ్చ. సరుకు తీసుకెళ్లే లారీ ఆ సాయంత్రమే. మళ్లీ తిప్పే వ్యవధి లేదు. ఇద్దరం ఎమరీ పేపరు పట్టుకుని వేళ్లు మండేలా రుద్దాం.

"పోయాయండీ మచ్చలు!" అన్నాను.

మచ్చతోపాటు ఉక్కూ అరిగిందని ఆయనకి తెలుసు.

లాటంతా వెనక్కి వచ్చింది. "పని మంచిదేనండీ, కొలతే తగ్గింది" అన్నారు తనిఖీ చేసినాయన ఫోనులో. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముసలావిణ్ణి ఏమనగలను? దేవుడి గదిలోకెళ్లి, ఇన్నేళ్లూ పూజలు చేయించుకుని ఒక్క లాటు గట్టెక్కించలేకపోయావా అని అరిచాను. అరిచి ఏడ్చాను.

మిషనుని అత్తిలిలో ఎవరో కొన్నారు. వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే మా ఆయన దానికి మామూలుగానే నూనె పూశారు. లారీ వాకిట్లో ఆగాక, రింగులు పాడైననాటి నుంచి షెడ్డు గడప తొక్కని అత్తగారు కుంకుమ భరిణెతో గుమ్మం బయట నిలబడ్డారు.

"ఇప్పుడు పెట్టొచ్చా అమ్మాయ్?"

మా ఆయన మొహం తిప్పుకున్నారు. "పెట్టండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కొంగుతో తుడవబోయి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నూనె మీదే బొట్టు పెట్టారు. అది నిలవలేదు.